తోడు వచ్చేవారి గడి

నా బల్ల కింద ఒక గుంట ఉంది. ఇప్పుడు కనబడదు. సిమెంటు పోసి, పైన తెల్లటి టైల్స్ పరిచాం. మన తెలుగు నేతవాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ ఈ మరాఠీ ఊళ్లో, నీలం నగర్‌లో, మా ఇంటి లోపలి గదిలో ఒకప్పుడు మా నాన్న గుంట మగ్గం ఉండేది. ఆయన్ని బాపు అని పిలిచేదాన్ని. ఆయన కాళ్లు ఆ గుంటలో ఉండేవి, చేతులు పైన పోగును అటూ ఇటూ మోసే నాడె మీద ఆడేవి. బాపు పోయాక మగ్గం కొన్నేళ్లు దుమ్ము పట్టింది, తర్వాత ఎవరో విప్పి తీసుకుపోయారు. పుణెలోని కంపెనీవాళ్లు నన్ను ఇంటి నుంచే పని చేసుకోమన్నప్పుడు బల్ల వేసుకోవడానికి ఇంట్లో మిగిలిన చోటు అదొక్కటే. చలికాలం మధ్యాహ్నాల్లో ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా అక్కడే పడుతుంది. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపితే, కింద నేల లేదేమో అని ఇప్పటికీ ఒక్క క్షణం అనిపిస్తుంది.

మగ్గం ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మగ్గం మీద ఉన్న మనిషిని పిలవకూడదు. అన్నం చల్లారిపోతున్నా, చుట్టాలొచ్చి కూర్చున్నా పిలవకూడదు. పిలిస్తే చెయ్యి తడబడుతుంది, పోగు తెగుతుంది, పూల వరస తప్పుతుంది. పని ఉన్నవాళ్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడాలి. నాడె ఆగినప్పుడు బాపే తలెత్తి, ఏంటన్నట్టు చూసేవాడు. అమ్మ అలా గుమ్మం పట్టుకుని నిలబడేది. ఆమె కొంగు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. ఆ టకటకలు వింటూ నిలబడే నిద్రపోయిన రోజులున్నాయి. లేచేసరికి అమ్మ భుజం మీద ఉండేదాన్ని, మగ్గం ఇంకా ఆడుతూనే ఉండేది.

ఇప్పుడు నేను చేసేది ఫారాల పని. ఫోన్లోనో కంప్యూటర్లోనో మీరు పేరు, ఊరు, వయసు నింపి కింద మీట నొక్కుతారే, ఆ ఫారాలు. జనం విసుక్కోకుండా, తప్పుల్లేకుండా వాటిని నింపేలా చేయడం నా ఉద్యోగం. ఫారాల మీద ప్రేమతో ఈ పనిలోకి రాలేదు, కోపంతో వచ్చాను. నింపిందంతా మింగేసి ‘మళ్లీ ప్రయత్నించండి’ అనే పేజీని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏ గడిలో తప్పుందో చెప్పకుండా పైన ఎర్రగా ‘తప్పు’ అని రాసేవాళ్లను మా గల్లీ కుళాయి దగ్గర వరసలో నిలబెట్టాలి. పుట్టిన సంవత్సరం కోసం ముసలివాళ్ల చేత వేలితో జాబితా అంతా తోయించేవాళ్లను ఆ వరసలో అందరికంటే వెనక నిలబెట్టాలి.

ఈ పనికి కొన్ని పనిముట్లున్నాయి. అక్షరం రంగు, వెనక రంగు కలిసిపోయి కళ్లు చికిలించాల్సి వస్తుందా అని కొలిచేది ఒకటి. ఏ గడి దగ్గర ఎక్కువమంది విసిగి వెళ్లిపోతున్నారో చూపించేది ఇంకొకటి. పేజీ మీద వేళ్లు ఎక్కువగా తాకిన చోట ఎరుపు, తాకని చోట నీలం పులిమి చూపించేది మరొకటి ఉంది. దాన్ని చూస్తే అద్దకం తొట్టిలో ఇంకా సరిగ్గా రంగు పట్టని బట్ట గుర్తొస్తుంది. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది వేరే. ఒక మనిషి ఫారం నింపుతున్నప్పుడు వేలు ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగింది, ఎక్కణ్నుంచి వెనక్కి తిరిగింది, అంతా సినిమాలా తిరిగి చూపిస్తుంది. మనిషి పేరు చెప్పదు. రాసిన అక్షరాలు కూడా చూపించదు, వాటి చోట నల్ల చుక్కలు పెడుతుంది. పేజీ అడుగున ఈ సంగతి రాసే ఉంటుంది కానీ ఎవరూ చదవరు.

మధ్యాహ్నం భోజనమయ్యాక, మా గల్లీలో పవర్‌లూమ్‌లు ఒకే మోతగా మోగుతుంటే, నేను ఆ చుక్కలను చూస్తూ కూర్చునేదాన్ని. ఎక్కడో ఎవరిదో వేలు. ఊరి పేరు దగ్గర గబగబా కదిలేది, వయసు దగ్గర కాస్త నిలిచేది. వయసు రాయడానికి ఆలోచించుకుంటున్న ఆ మనిషిని చూసి నవ్వుకునేదాన్ని. ఆ మోతలో, ఆ ఎండలో, చుక్కలు పుడుతూ ఉంటే నేను చూస్తున్నానో కలగంటున్నానో తెలిసేది కాదు. ఒక్కోసారి తల వాలి, చెవులకున్న హెడ్‌ఫోన్ బల్లకు తగిలి ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఈ చలికాలం మొదట్లో ఊరి అవతల ఉన్న ఒక ధర్మ ఆస్పత్రి పని మా కంపెనీకి వచ్చింది. కళ్లలో శుక్లాలు తీసే ఉచిత శిబిరం. ముందుగా ఫోన్లో పేరు నమోదు చేసుకున్నవాళ్లకే ఈ చలికాలం ఆపరేషన్. గడువు దాటినవాళ్లు వచ్చే ఏడు దాకా ఆగాలి. ముదిరిన శుక్లం అంతకాలం ఆగుతుందా లేదా అన్నది కంటి అదృష్టం. ఫారం మరాఠీ, హిందీ, తెలుగు మూడింటిలో ఉండాలన్నారు. మన ఊరి ఆస్పత్రే, మనవాళ్లకే అని తెలుగుది నేనే ఒళ్లు దగ్గరపెట్టుకుని రాశాను. అక్షరాలు పెద్దవి చేశాను. అక్కర్లేని గడులు తీసేయించాను. ఆస్పత్రివాళ్లతో పోట్లాడి మరీ తీసేయించాను. వాళ్లు పట్టు విడవనిది ఒక్కటే: ‘తోడు వచ్చేవారి ఫోన్ నంబరు’. కళ్లకు కట్టు కట్టిన మనిషిని ఒంటరిగా బస్సెక్కించి పంపలేం కదా అన్నారు. నిజమే. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు పోదు.

నింపాక ఆ నంబరుకు ఒక సందేశం పోతుంది. ఆ మనిషి ‘వస్తాను’ అని నొక్కితే ఇవతల పేజీలో ఆ కబురు కనిపిస్తుంది. ఆ సందేశం కూడా నేనే రాశాను. ఒక్క మాట ఎక్కువ లేకుండా రాశానని నా వీపు నేనే తట్టుకున్నాను.

శిబిరం లింకు ఊరంతా వాట్సాప్‌లో తిరిగింది. చాలామంది గబగబా నింపేశారు. అందరిలో ఒక మనిషి మాత్రం నాకు అలవాటైపోయింది. ఎవరో తెలియదు, ఆడో మగో తెలియదు, అదే ఫోన్ మళ్లీ వచ్చిందని మాత్రం పనిముట్టు చెప్పేది. ఎప్పుడూ మధ్యాహ్నమే వచ్చేది. పేజీని రెండు వేళ్లతో విప్పి విప్పి, ఒక్క గడే తెర మొత్తం నిండేంత పెద్దది చేసుకునేది. కళ్లు బాగా మసకబారి ఉంటాయనుకున్నాను. ఒక్కో గడి నింపి, చాలాసేపు ఊరుకుని, మళ్లీ వచ్చేది. పేరు, వయసు, ఏ కన్ను, అన్నీ నింపేది. తోడు గడి దగ్గరికి వచ్చేసరికి ఆగేది. చుక్కలు ఒకటొకటిగా పుట్టేవి. నంబరు మొత్తం పడేది. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, చివరి చుక్క నుంచి ఒక్కొక్కటే చెరిగిపోయేవి. పేజీ మూసుకునేది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

తప్పు గడిదే అనుకున్నాను. నా పనిలో తప్పు ఎప్పుడూ గడిదే, మనిషిది కాదు. నంబరు నొక్కేటప్పుడు అంకెల మీటలు చిన్నవయ్యాయేమో అని పెద్దవి చేయించాను. మధ్యలో ఖాళీ వస్తే తప్పు చూపిస్తోందేమో అని అది సరిచేయించాను. మాట అర్థం కావడం లేదేమో అని గడి కింద వివరంగా రాశాను: ‘ఆపరేషన్ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీతోనే ఉండగలిగినవారి నంబరు మాత్రమే రాయండి.’ ఆ వాక్యాన్ని ముదురు అక్షరాల్లో పెట్టాను. మా పైఆవిడ పుణె నుంచి ఫోన్ చేసి, ఒక్క మనిషి కోసం ఎందుకింత తాపత్రయం, మిగతావాళ్లంతా నింపుతున్నారుగా అంది. నాకు చిర్రెత్తింది. మిగతావాళ్ల కళ్లతో ఈ మనిషికి కనిపిస్తుందా అన్నాను. వివరం పెట్టిన మర్నాడు ఆ వేలు ఆ వాక్యం మీద ఎంతోసేపు నిలిచింది. తర్వాత ఒక్క చుక్క కూడా పుట్టలేదు.

గడువు దగ్గరపడింది. ఆ మనిషి చేరుతుందా లేదా అన్నదే నాకు పట్టుకుంది. అన్నం తింటున్నా అదే ధ్యాస. ఏదో ఒక కన్ను, ఎవరిదో, నా గడి దగ్గర ఆగిపోయి ఉంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు అమ్మ ముందు గదిలో ఉండేది. అమ్మ బీడీలు చుడుతుంది. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ అదే పని. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపిన తునికాకు, కత్తెర. గుమ్మం దగ్గర వెలుతురు బాగుంటుందని అక్కడే కూర్చుంటుంది. ఈమధ్య కార్ఖానాలో బీడీలు పరీక్షించి తీసుకునేవాడు అమ్మవి కొన్ని పక్కన పడేస్తున్నాడని విన్నాను. అడిగితే, ‘ఆకు మంచిగ ఒస్తలేదు’ అంది. ఆకు సంగతి నాకేం తెలుసు, సరే అనుకున్నాను. కార్ఖానాకు కళ్ల డాక్టర్లు వచ్చారంటే ఏమన్నారని అడిగాను. ‘సుక్కల మందు ఇచ్చిన్రు’ అంది.

ఇంతకుముందు అమ్మ ఎక్కడికి పోవాలన్నా పక్కింటావిడ తోడు ఉండేది. అశోక్ చౌక్‌లో సామాను కొనడానికైనా, కార్ఖానాకైనా, దవాఖానాకైనా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే పోయేవాళ్లు. ఆవిడకు ఊరి బయట, బీడీ పనివాళ్లకు కట్టిన కుంభారి కాలనీలో ఇల్లు వచ్చి అక్కడికి మారిపోయింది. ఇల్లు వచ్చిన సంతోషంలో ఇద్దరూ ఏడ్చారు. ఆమెకు అక్కడ మనవళ్లు, వంట, ఊళ్లోకి రావాలంటే బస్సు. ఫోన్లో మాత్రం రోజూ మాట్లాడుకుంటారు.

అమ్మ అప్పుడప్పుడు నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనో, చుక్కలను చూస్తూనో ఉండేదాన్ని. కంటి చివర చీర రంగు కనిపించేది. తల తిప్పేసరికి గుమ్మం ఖాళీగా ఉండేది. చాయ్ కావాలా అని వచ్చిందేమో అనుకునేదాన్ని. ఆ రంగు కూడా నా మధ్యాహ్నపు కలలో ఒక భాగంలాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా గల్లీలో కరెంటు పోతే మనకు ముందు తెలిసేది చీకటి కాదు, నిశ్శబ్దం. పవర్‌లూమ్‌లన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఎవరో చెవుల్లోంచి దూది తీసినట్టు, ఎక్కడో పిల్ల ఏడుపు, ఎవరింట్లోనో గిన్నె, దూరంగా అక్కల్‌కోట్ రోడ్డు మీద బస్సు హారన్, ఒక్కొక్కటే వినిపిస్తాయి. నా ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది. ఇంటర్నెట్ ఫోన్ నుంచి కలుపుకున్నాను. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను. అదే సమయానికి ఆ మనిషి మళ్లీ పేజీలోకి వచ్చింది. మా పనిముట్టు అప్పటికప్పుడు జరుగుతున్నది కూడా చూపిస్తుంది. నేను కుర్చీ ముందుకు లాక్కుని చూస్తున్నాను.

ముందు గదిలో అమ్మ కత్తెర చప్పుడు. కర్, కర్. ఆకు కోస్తోంది. మామూలుగా మగ్గాల మోతలో అది నాకు వినబడదు.

కత్తెర ఆగింది. తెర మీద పేరు గడిలో చుక్కలు పుట్టాయి. చుక్కలు ఆగాయి. కర్, కర్. కత్తెర ఆగింది. వయసు గడిలో చుక్కలు. కర్, కర్. ఎండ బల్ల మీద నుంచి నా చేతుల మీదికి వచ్చింది. ఇదేదో హాయిగా ఉందనుకుంటూ కాసేపు ఊరికే విన్నాను, చూశాను. రెండూ వేర్వేరు సంగతులన్నట్టే విన్నాను. కత్తెర ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. తోడు గడిలో మొదటి చుక్క పడింది. రెండోది. ఇంట్లో చిన్న చప్పుడు కూడా లేదు. నంబరు మొత్తం పడింది. అలాగే నిలిచింది. తర్వాత చివరి నుంచి ఒక్కొక్కటే చెరిగిపోయింది. ఆఖరి చుక్క పోగానే ముందు గదిలోంచి, కర్, కర్.

లేచి ముందు గదిలోకి పోయాను.

అమ్మ నన్ను చూసి ఫోన్‌ను చాట కిందికి తోసింది. చిన్నపిల్లలా తోసింది.

“ఏం చూస్తున్నవ్ ఫోన్ల?” అన్నాను.

“ఏం లేదు బిడ్డా. ఉగాచ్ చూస్తున్న.” ఊరికేనే అని. మనవాళ్ల నోట్లో సగం మరాఠీయే.

చాట ఎత్తి ఫోన్ తీశాను. ఒక్క గడి తెరంతా నిండిపోయి ఉంది. ఖాళీగా ఉంది. కింద నేను ముదురు అక్షరాల్లో రాసిన వాక్యం.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. “కండ్లు గింత కరాబైతే నాకు చెప్పద్దా? డాక్టరుకు ఎరుక, కార్ఖానాల అందరికి ఎరుక, నాకు ఎరుకలేదు! ఒక్క ఇంట్లనే ఉంటిమి గదనే!” గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉండటంతో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఎదురింట్లో ఎవరో తొంగిచూశారు.

అమ్మ తంబాకు అంటిన వేళ్లు చీరకు తుడుచుకుంది. “చెప్దామనే ఒచ్చిన బిడ్డా. మస్తు సార్లు గుమ్మం కాడికి ఒచ్చిన. నువ్వు మగ్గం మీద ఉంటివి.”

“మగ్గం ఏడిదమ్మా...” అన్నాను.

“మీ బాపుదైతే ఆగుతుండె,” అంది అమ్మ. “నాడె ఆగంగనే తలకాయ ఎత్తి చూస్తుండె. నీది ఎప్పుడు ఆగుతదో నాకు సమజ్ కాలే.”

నేను అక్కడే, చాట పక్కన, కింద కూర్చున్నాను. కూర్చున్నాక కళ్లలో నీళ్లు వచ్చాయి. దాచుకోలేదు. దాచుకున్నా ఆమెకు కనబడేది కాదని తోచి ఇంకా ఏడ్చాను.

“మరి నంబర్ రాసి తుడుసుడెందుకు?” అన్నాను.

“నిన్ను అడగకుండ నీ నంబర్ ఎట్ల రాస్త? పొద్దుమూకి దాంక ఉండాలె, ఉండేటోళ్లదే రాయాలె అని లావుగ రాసిండ్రు. నీకు సుట్టి దొరకకపోతే, కంపెనోళ్లు సెలవియ్యకపోతే? రాసినంక రాకపోతే అబద్ధమాడినట్టు గాదా?” అని, ఒక్కసారి ఆగి నా వైపు తిరిగింది. “అగో, నేను తుడిసింది నీకెట్ల ఎరుక?”

“ఆ ఫారం చేసింది నేనే అమ్మా.”

అమ్మ నమ్మలేనట్టు ఫోన్ వైపు చూసింది. “నువ్వా? గంత కడక్‌గ రాసినవేంది మరి?”

ఏడుస్తూనే నవ్వు వచ్చింది. అన్ని పనిముట్లు పెట్టి వెతికాను. అక్షరాలు కొలిచాను, రంగులు కొలిచాను, వేలు ఎక్కడ ఆగిందో చూశాను. ఎందుకు ఆగిందో చెప్పే పనిముట్టు ముందు గదిలో ఆకు కోస్తూ కూర్చుంది. గడి కష్టంగా ఉందని నేను ఎంత వివరంగా రాస్తే అమ్మకు అంత భయం పెరిగింది. కష్టం గడిలో లేదు. ఆ నంబరు రాసే ముందు ఒక మనిషిని అడగాలి. అదే ఆమెకు చేతకాలేదు.

ఇప్పుడు ఆ ఫారంలో ముదురు అక్షరాలు లేవు. తోడు గడి కింద ఇంకో వరస ఉంది: ‘ఇంకా అడగలేదు. తర్వాత చెబుతాను.’ అది నొక్కినా ఫారం ముందుకు పోతుంది, పేరు నమోదవుతుంది. ఆస్పత్రివాళ్లు ఒప్పుకోవడానికి గొంతు పెంచాల్సి వచ్చింది. పెట్టిన మర్నాటి నుంచే ఎంతోమంది దాన్ని నొక్కారు. అంతమందా అని మా పైఆవిడ ఆశ్చర్యపోయింది. నాకేం ఆశ్చర్యం కలగలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆ వరస ఇంకా లేదు. ఫోన్ అమ్మ చేతికి తిరిగి ఇచ్చాను. “మరి...” అని ఏదో అనబోయింది. “అడగకు. రాయి,” అన్నాను. నేనే రాసేద్దామని చేతులు దురదపెట్టాయి, ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కింది. నా నంబరు ఆమెకు నోటికి వచ్చు. చివరి అంకె అయ్యాక నా ముఖం ఉన్నవైపు ఒకసారి చూసి, కింద మీట నొక్కింది.

లోపలి గదిలో నా ఫోన్ మోగింది. వెళ్లి చూశాను. ల్యాప్‌టాప్ పక్కన, ఎండలో, తెర మీద నేను రాసిన వాక్యమే ఉంది: ‘ఒకరు మిమ్మల్ని తోడు రమ్మని అడుగుతున్నారు. వస్తారా?’ దాన్ని ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. నాకు వస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ‘వస్తాను’ అని నొక్కాను. ల్యాప్‌టాప్ మూశాను.

ముందు గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఫోన్ మీదికి పూర్తిగా వంగి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నేను పిలవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడో ఒక పవర్‌లూమ్ మొదలైంది, దాని వెనకే ఇంకోటి. కరెంటు వచ్చింది. గల్లీ మెల్లగా మోతతో నిండుతుంటే అలాగే నిలబడి ఉన్నాను.

చదవడం అయ్యాక అమ్మ తలెత్తి నా వైపు చూసింది.

“ఒప్పుకున్నరంట బిడ్డా,” అంది. “తోడు ఒస్తరంట.”